మీకు తెలుసా? చెప్పులు విడిచి చూడాల్సిన లంక

శ్రీలంక టూర్ అంటే మనవాళ్ల ప్లాన్‌లో కొలంబో షాపింగ్, సముద్రతీరం, నువర ఎలియ తేయాకు తోటలు ముందుంటాయి. అనురాధపురం, పొలొన్నరువ లాంటి చోట్లకు ఒక పూట మిగిలితే మిగిలినట్టు. ఈ వరస తిరగేయాలని నా మనవి. కృష్ణా తీరాన అమరావతిలో, భట్టిప్రోలులో, నాగార్జునకొండలో ఒకప్పుడు జరిగిన పూజ లంకలో ఈ రోజుకీ ఆగలేదు. మనం మ్యూజియం అద్దాల వెనక చూసే రాళ్లకు అక్కడ పొద్దున్నే పూలు పెడుతున్నారు. మన ఊళ్ల స్తూపాలు బతికున్న రోజుల్లో ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే వెళ్లాల్సింది అక్కడికే.

రెండు వేల ఏళ్లు దాటిన రావిచెట్టు

అనురాధపురంలో జయ శ్రీ మహాబోధి అనే రావిచెట్టు ఉంది. బుద్ధుడికి జ్ఞానోదయమైన బోధివృక్షం కొమ్మను క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర ఓడ మీద తెచ్చిందని, దేవానాంపియ తిస్స రాజు నాటించాడని లంక చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మనిషి చేత్తో నాటిన చెట్లలో, నాటిన కాలం నమోదైనవాటిలో, ప్రపంచంలో ఇంతకంటే పాతది లేదంటారు. బుద్ధగయలో ఇప్పుడు మనం చూసే చెట్టు 19వ శతాబ్దంలో నాటింది. అంటే వయసులో లంక చెట్టే చాలా పెద్దది. సారనాథ్‌లో లంకకు చెందిన అనగారిక ధర్మపాల కట్టించిన మూలగంధకుటి విహారం 1931లో ప్రారంభమైంది. ఆ ఆవరణలో పెరుగుతున్న బోధివృక్షం అనురాధపురం నుంచి తెచ్చిన మొక్కే. మన దేశం పంపిన చెట్టు పిల్లను మన దేశానికే తిరిగి ఇచ్చింది లంక.

వెళ్లేవాళ్లకు ఒక మాట. గుబురుగా, ఆకాశమంతా కమ్మిన చెట్టు కోసం వెతకొద్దు. ఎత్తైన అరుగు మీద, బంగారు రంగు ఊతకర్రల మీద వాలి ఉన్న సన్నటి కొమ్మలే అసలు చెట్టు. చుట్టూ కనిపించే లావాటి రావిచెట్లు దానికి కాపుగా పెంచినవి. చాలామంది వాటికే దండం పెట్టి వచ్చేస్తుంటారు.

మామిడిచెట్టు కింద ప్రవేశ పరీక్ష

అనురాధపురానికి 13 కిలోమీటర్ల దూరంలో మిహింతలె కొండ. అశోకుడి కొడుకు మహిందుడు లంక రాజును మొదట కలిసింది ఇక్కడే. రాజు వేటకొచ్చాడు. ధర్మం చెప్పే ముందు ఇతని బుర్ర ఎంత పదునో చూద్దామనుకున్న మహిందుడు ఎదురుగా ఉన్న చెట్టు చూపించి ఇదేం చెట్టని అడిగాడట. మామిడి అన్నాడు రాజు. ఇది కాక వేరే మామిడిచెట్లు ఉన్నాయా? బోలెడు. మామిళ్లు కాక వేరే చెట్లు? అవీ బోలెడు. ఆ వేరే మామిళ్లూ, ఆ వేరే చెట్లూ కాకుండా ఇంకేదైనా చెట్టు ఉందా? రాజు తడుముకోలేదు. ఇదిగో, ఈ మామిడిచెట్టే అన్నాడు. పాసయ్యాడు. లంక చరిత్ర గ్రంథమైన మహావంశంలోని ఈ కథను అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. కొండకు 1,840 మెట్లని లెక్క. మెట్లకు రెండువైపులా దేవగన్నేరు చెట్లు. ఎక్కలేనివాళ్లు వాహనంలో సగం దూరం పోవచ్చు.

జమాఖర్చులు రాతి మీద

అదే మిహింతలెలో భిక్షువుల భోజనశాల పక్కన రెండు పెద్ద రాతిపలకలు నిలబెట్టి ఉంటాయి. 10వ శతాబ్దంలో 4వ మహిందుడనే రాజు చెక్కించినవి. వాటి మీద ఉన్నది స్తోత్రం కాదు, ఆఫీసు నిబంధనావళి. విహారంలో ఎవరెవరికి ఎంత జీతం, ఎంత బియ్యం, ఎంత భూమి. రోజువారీ ఖర్చు పుస్తకంలో ఎలా రాయాలి, ఆ లెక్క సంఘం ముందు ఎలా పెట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. భోజనశాలలో అన్నం పోసే పొడవాటి రాతితొట్టి ఇంకా ఉంది. కింద ఆసుపత్రి శిథిలాల్లో మరో తొట్టి ఉంది. దాన్ని మనిషి పడుకుంటే సరిపోయేలా ఒంటి ఆకారంలోనే తొలిచారు. రోగిని మూలికల తైలంలో, కషాయంలో నానబెట్టడానికి అది.

పిరమిడ్ల తర్వాతి పెద్ద కట్టడం

ప్రాచీన ప్రపంచంలో అతి ఎత్తైన కట్టడాలు ఈజిప్టులోని గీజా పిరమిడ్లలో రెండు. మూడోది? అనురాధపురంలోని జేతవన స్తూపం. మహాసేనుడనే రాజు 3వ శతాబ్దం చివర మొదలుపెట్టించాడు. అప్పటి ఎత్తు సుమారు 122 మీటర్లు. పైభాగం కూలగా ఇప్పుడు మిగిలింది 71 మీటర్ల దాకా. కాల్చిన ఇటుకలు 9 కోట్లకు పైగా పట్టి ఉంటాయని ఇంజినీర్ల అంచనా. పిరమిడ్లు రాతివి. ఇది మొత్తం మట్టి కాల్చి చేసిన ఇటుకలదే. పక్కన నిలబడితే ఎత్తు కన్నా ఆ వెడల్పే మనిషిని ముందు ఆపేస్తుంది. ప్రదక్షిణ మొదలుపెట్టి సగం తిరిగేసరికి కాళ్లకు దాని కొలత తెలుస్తుంది.

తెల్లటి రువన్‌వెలి స్తూపం కథ వేరు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దుట్టగామణి రాజు కట్టించడం మొదలుపెట్టాడు. పని పూర్తవక ముందే మంచం పట్టాడు. అన్న కళ్లు మూసేలోపు స్తూపాన్ని పూర్తయినట్టు చూపించాలని తమ్ముడు సద్ధాతిస్స తాపత్రయపడ్డాడు. మిగిలిన భాగానికి వెదురుతో చట్రం కట్టించి, తెల్లటి బట్ట కప్పించి, దాని మీద రంగులు వేయించాడట. రాజును పల్లకిలో తెచ్చి చూపించారు. తృప్తిగా చూసి ప్రాణం వదిలాడని మహావంశం చెబుతుంది. ఇప్పటికీ ఊళ్లకు ఊళ్లు కలిసి వచ్చి, వందల అడుగుల పొడవున్న బట్టను వరసగా చేతుల మీద మోస్తూ ఈ స్తూపం చుట్టూ కడతారు. వీలైతే ఆ మొక్కు జరిగే రోజే వెళ్లండి.

బోధిసిరి ఇచ్చిన చిరునామా

ఇది మాత్రం కాస్త నిదానంగా చెప్పాల్సిన సంగతి.

లంక స్తూపాలకు నాలుగు దిక్కులా నాలుగు ముఖభాగాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని అక్కడ వాహల్కడ అంటారు. భక్తులు పూలు పెట్టేది వాటి ముందే. అమరావతి శిల్పాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మన స్తూపాలకూ సరిగ్గా అదే చోట, నాలుగు దిక్కులా ఆయక వేదికలు ఉండేవి. ఒక్కో వేదిక మీద 5 స్తంభాలు. అమరావతి ఫలకాల్లో చెక్కిన బుల్లి స్తూపాల మీద ఆ అయిదు స్తంభాలూ స్పష్టంగా కనిపిస్తాయి. లంకలో స్తంభాలు తగ్గి, ముఖభాగం పెరిగింది. అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలు లంక తవ్వకాల్లోనూ దొరికాయి. కృష్ణా రేవుల నుంచి సరుకుతో పాటు శిల్పమూ ఓడలెక్కిందన్నమాట.

రాకపోకలు ఒకవైపువే కావు. నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం దాని సంగతి చెబుతుంది. తామ్రపర్ణి ద్వీపపు, అంటే లంక, థేరవాద ఆచార్యుల కోసం ఆమె చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించింది. ఆ ఆచార్యులు ధర్మాన్ని చేర్చిన నేలల జాబితా కూడా శాసనంలో ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, ఇంకా ఎన్నో. పల్నాటి లోయలో కూర్చుని ఒక గృహిణి ఇంత పెద్ద ప్రపంచాన్ని రాతి మీద రాయించింది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి బయటకు తీసినవాటిని కొండ మీదికి చేర్చారు. సాగర్‌కు వెళ్లినప్పుడు మ్యూజియం చూసి, ఆ తర్వాత అనురాధపురం చూడండి. రెండింటి చుట్టరికం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

గడప ముందు చంద్రశిల

లంక గుళ్ల మెట్ల ముందు అర్ధచంద్రాకారపు రాయి ఒకటి పరిచి ఉంటుంది. అదే చంద్రశిల. నాగార్జునకొండలోనూ ఇలాంటివి దొరికాయి. లంకలో ఆ కళ పండింది. అనురాధపురంలోని అభయగిరి విహారం ఆవరణలో ఉన్నదాన్ని మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. అన్నిటికంటే బయట అగ్నిజ్వాలల వరస. దాని లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ఆ లోపల మెలికలు తిరిగిన లత. ఇంకా లోపల ముక్కున చిగురు కరుచుకున్న హంసల బారు. నడిమధ్యన సగం తామర. ఏనుగు కాలి మడతలు, హంస మెడ వంపు వెయ్యేళ్లకు పైగా పాదాలు తగిలినా చెరగలేదు.

ఇప్పుడు పొలొన్నరువ వెళ్లండి. అక్కడి చంద్రశిలల మీద ఎద్దు ఉండదు. చోళుల పాలన తర్వాత శైవం ప్రభావం పెరిగింది. నందిని కాలితో తొక్కడమేమిటని తీసేశారని పండితులు చెప్పే వివరణ. అదే నిజమైతే, ఇది పొరుగువాడి దేవుణ్ని గౌరవించి శిల్పులు మార్చుకున్న నమూనా. నాకు ఆ ఖాళీ చోటు మొత్తం రాతి కన్నా విలువైనదిగా తోస్తుంది.

మన పూర్ణకుంభం అక్కడ కాపలా

మెట్లకు రెండువైపులా కావలి రాళ్లు ఉంటాయి. అభయగిరిలో రత్నప్రాసాదమనే కట్టడం దగ్గరిది వాటిలో తలమానికం. ఏడు పడగల నాగరాజు, ఒక చేతిలో పూలకొమ్మ, ఇంకో చేతిలో పువ్వులు పొంగే పూర్ణకుంభం. అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఇదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం మధ్యలో ఉన్నదీ అదే.

అతి అందమైన చోటు మూత్రశాల!

అనురాధపురానికి పడమటివైపు అడవి అంచున కొన్ని విహారాల శిథిలాలు ఉన్నాయి. చింకిపాతలతో చీవరాలు కుట్టుకుని, ఆడంబరాన్ని పూర్తిగా వదిలేసిన భిక్షువులు అక్కడ ఉండేవారు. వాళ్ల కట్టడాల్లో విగ్రహం లేదు, స్తూపం లేదు, చంద్రశిల మీద చెక్కడం లేదు. గోడలు, స్తంభాలు అన్నీ సాదా. ఒక్క మూత్రశాల రాయి మాత్రం నగిషీతో నిండి ఉంటుంది. కాళ్లు పెట్టుకునే చోటు, వెనక నీళ్లు పోయే రంధ్రం, ముందు పలక మీద మేడల ముఖద్వారాలు, కిటికీలు, కప్పులు. నగరంలోని సంపన్న విహారాల భోగం మీద వాళ్ల అభిప్రాయం ఇదేనని చాలామంది పరిశోధకులు అంటారు. అనురాధపురం మ్యూజియంలోనూ ఇలాంటి రాళ్లు ఉన్నాయి. గైడ్లు ఒక్కోసారి వీటిని దాటేస్తారు, అడిగి మరీ చూడండి.

ఒక విసనకర్ర, ఒక యాత్రికుడు

చైనా భిక్షువు ఫాహియాన్ పేరు మనం బడిలో చదువుకున్నాం. ఆయన 399లో ఇల్లు వదిలి, ఎడారులు, మంచుకొండలు దాటి, ఉత్తర భారతమంతా తిరిగి, చివరకు లంకలో రెండేళ్లు ఉన్నాడు. అభయగిరిలో 5,000 మంది భిక్షువులున్నారని రాశాడు. వెంట బయల్దేరినవాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు వెనక్కు పోయారు, కొందరు మన దేశంలోనే ఉండిపోయారు. ఒకరోజు పచ్చరాయి బుద్ధవిగ్రహం ముందు ఎవరో వర్తకుడు తెల్లటి పట్టు విసనకర్ర ఒకటి సమర్పిస్తుంటే చూశాడు. అది చైనా సరుకు. అది చూడగానే కళ్ల నీళ్లు ఆగలేదని ఆయనే రాసుకున్నాడు. వినయ గ్రంథాల ప్రతులు సంపాదించుకుని సముద్రం మీద ఇంటికి బయల్దేరాడు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో దుకాణంలో మన ఊరి ఆవకాయ సీసా చూసి ఆగిపోయిన తెలుగువాళ్లకు ఫాహియాన్ కన్నీళ్లు ఇట్టే అర్థమవుతాయి.

నీటి లెక్క తెలిసిన భిక్షువులు

అభయగిరి దగ్గరే జంట కోనేరులు ఉన్నాయి. పెద్దది సుమారు 40 మీటర్ల పొడవు, చిన్నది 28. కాలువ నీళ్లు నేరుగా కోనేట్లో పడవు. ముందు చిన్న చిన్న రాతి గదుల్లోంచి వెళ్తాయి. బురద, ఇసుక అక్కడే దిగిపోతుంది. తేరిన నీళ్లు మకరం నోట్లోంచి కోనేట్లోకి వస్తాయి. పక్కనే నాగపడగ కాపలా. భిక్షువుల స్నానానికి ఇంత ఏర్పాటు.

దంబుల్ల కొండకు చూరు

దంబుల్ల గుహాలయానికి క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి వలగంబ రాజు కథ ముడిపడి ఉంది. శత్రువులు రాజధానిని పట్టుకుంటే ఇక్కడి భిక్షువుల దగ్గర తలదాచుకున్నాడని, తిరిగి గెలిచాక ఈ గుహల్ని గుళ్లు చేశాడని చెబుతారు. మొత్తం 5 గుహలు, 150కి పైగా విగ్రహాలు, 2,100 చదరపు మీటర్ల చిత్రాలు. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

లోపలికి వెళ్లే తొందరలో అందరూ వదిలేసేది ఒకటుంది. ముంగిట్లో నిలబడి తలెత్తి పైన రాతి అంచు చూడండి. కొండ బోర్లించినట్టు వంగి ఉంటుంది కాబట్టి వాన నీళ్లు ఆ వంపు వెంటే జారి గుహలోకి వచ్చేయాలి. రాకుండా ఆ అంచు పొడవునా ఉలితో సన్నటి గాడి తీసి చూరు చేశారు. జారుతున్న నీళ్లు ఆ చూరు దగ్గరికి వచ్చి తెగి, గుహ బయటే కింద పడతాయి. ఈ చూరు చెక్కి, గుహను శుభ్రం చేసి సంఘానికి దానం ఇచ్చేవారు. ఎవరిచ్చారో చూరు కింద బ్రాహ్మీ లిపిలో చెక్కించేవారు. లంకలో ఇలాంటి గుహలు వందల్లో ఉన్నాయి. ఆ చిన్న గాడే లేకపోతే లోపలి రంగులు ఎప్పుడో కరిగిపోయేవి.

లోపల పైకప్పు ఎగుడుదిగుడు రాయే. దాన్ని చదును చేయలేదు. ఉన్న ఉబ్బెత్తుల మీదే పూతపూసి బొమ్మలు వేశారు. దీపం వెలుగులో చూస్తే పెళ్లిపందిట్లో పైన కట్టిన అద్దకం చీరలా ఉంటుంది. రెండో గుహలో పైనుంచి చుక్కచుక్కగా పడే నీటిని ఒక కుండలో పడతారు. ఎంత ఎండకాలమైనా ఆ చుక్క ఆగదంటారు. ఆ నీళ్లు పూజకే. అదే గుహలో బుద్ధుడితో పాటు విష్ణుమూర్తి కూడా ఉన్నాడు. లంకలో విష్ణువు బౌద్ధధర్మానికి రక్షకుడు.

గంటం పట్టిన విహారం

దంబుల్ల నుంచి కాండీ వెళ్లే దారిలో మాతలె దగ్గర అలువిహార వస్తుంది. ఇక్కడ ఆగడం మర్చిపోవద్దు. అప్పటిదాకా భిక్షువులు నోటితోనే అప్పజెప్పుకుంటూ వచ్చిన త్రిపిటకాలు క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఇక్కడే తాటాకులకెక్కాయని సంప్రదాయం. కరువు, యుద్ధం కలిసి వచ్చి భిక్షువులు పలచబడుతుంటే, కంఠస్థం చేసినవాళ్లతో పాటే ధర్మమూ పోతుందని భయపడి రాయించారు. ఇప్పుడు కూడా అక్కడ శ్రీతాళపత్రం మీద గంటంతో రాసి చూపిస్తారు. గీసినప్పుడు అక్షరం కనిపించదు. నల్లటి మసి, నూనె కలిపి ఆకు మీద రుద్ది తుడిచాక గీతల్లో నలుపు నిలుస్తుంది. మన తాతల ఇళ్లలో తాళపత్రాలు చూసినవాళ్లకు ఆ వాసన తెలిసినదే.

పడుకున్న బుద్ధుడి కాలివేళ్లు

పొలొన్నరువలోని గల్ విహార. 12వ శతాబ్దంలో మహా పరాక్రమబాహు రాజు చెక్కించాడు. ఒకే గ్రానైట్ కొండలో నాలుగు విగ్రహాలు. పడుకున్న మూర్తి 14 మీటర్లు, నిలబడ్డది దాదాపు 7 మీటర్లు. ఫోటో తీసుకునేవాళ్లంతా ముఖం దగ్గరే ఉంటారు. మీరు పాదాల వైపు నడవండి. పైనున్న ఎడమ పాదం కింది పాదం కన్నా కొద్దిగా వెనక్కి జరిగి ఉంటుంది. రెండు పాదాలూ సమంగా ఉంటే బుద్ధుడు విశ్రాంతి తీసుకుంటున్నట్టు. ఇలా జరిగితే పరినిర్వాణం. శిల్పి ఆ సంగతి చెప్పడానికి వాడుకున్నది అంగుళాల తేడా. ఇక తల దగ్గరికి వస్తే, బరువుకు దిండు నొక్కుకుపోయి కనిపిస్తుంది. గ్రానైట్ దిండు!

చేతులు కట్టుకుని నిలబడ్డ మూర్తి ఎవరన్నది ఇంకా తేలలేదు. గురువు పోయిన దుఃఖంలో ఉన్న ఆనందుడని ఒక మాట, బుద్ధుడేనని ఇంకో మాట. పక్క రాతి మీద పరాక్రమబాహు శాసనం ఉంది. విడిపోయిన భిక్షు శాఖలను ఒకటి చేసి, వాళ్లు ఎలా నడుచుకోవాలో రాయించినది.

అదే ఊళ్లో నిశ్శంక మల్లుడి గల్ పోత అనే రాతి పుస్తకం ఉంది. పొడవు 8 మీటర్లకు పైనే. మిహింతలె నుంచి లాక్కొచ్చారు. ఈ రాజు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని చెప్పుకున్నాడు. ఆ సింహపురం శ్రీకాకుళం దగ్గరి సింగుపురమేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

జడలో దాగి వచ్చిన దంతం

కాండీలోని దళదా మాళిగావలో బుద్ధుడి దంతధాతువు ఉంది. అది లంకకు వచ్చింది కూడా కళింగం నుంచే. దంతపురం మీదికి శత్రువులు వస్తుంటే రాకుమారి హేమమాల దంతాన్ని జుట్టులో దాచుకుని, భర్త దంతకుమారుడితో మారువేషంలో ఓడెక్కిందని కథ. 4వ శతాబ్దం నాటి మాట. ఆ దంతపురం ఎక్కడ? పూరీ అనేవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలోని దంతపురం కోట అనేవాళ్లూ ఉన్నారు. అక్కడి మట్టికోట గట్ల మీద ఇప్పుడు పొలాలు, తాటిచెట్లు. కాండీలో బారులు తీరే జనంలో వెయ్యోవంతు కూడా ఆ ఊరికి రారు. కనీసం మనమైనా వెళ్లిరావాలి.

కాండీ గుడికి తెలుగు బంధం అక్కడితో తెగలేదు. 1739లో కాండీ రాజు వారసుడు లేకుండా పోతే, మధుర నాయకుల బంధువర్గానికి చెందిన పట్టపురాణి తమ్ముడు సింహాసనం ఎక్కాడు. అలా తెలుగు మూలాలున్న నాయకర్ వంశం కాండీని 1815 దాకా ఏలింది. వాళ్లలో రెండో రాజు కీర్తి శ్రీ రాజసింహ. 1747 నుంచి 1782 దాకా పాలించాడు. పుట్టుకతో శైవ సంప్రదాయం వాడు, కానీ లంక బౌద్ధానికి ఊపిరి పోసింది ఆయనే. అప్పటికి దేశంలో పూర్తి దీక్ష పొందిన భిక్షువు ఒక్కరూ లేరు. దీక్ష ఇవ్వాలంటే దీక్ష పొందినవాళ్లే కావాలి. ఆయన సయాం దేశానికి రాయబారం పంపి, డచ్చివాళ్ల ఓడలో భిక్షువుల్ని రప్పించాడు. ఉపాలి థేరుడి నాయకత్వంలో వచ్చిన ఆ బృందం 1753లో ఉపసంపద దీక్షలు ఇచ్చింది. నేటి సియాం నికాయ అనే భిక్షు శాఖ అప్పుడు పుట్టిందే. దంబుల్లలో మనం చూసే చిత్రాల్లో ఎక్కువ భాగం ఈయన హయాంలో మళ్లీ వేయించినవి. మాళిగావ ముందు భాగంలోని అష్టభుజి మంటపం కట్టించింది ఈ వంశపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ను పట్టుకుని, తర్వాత వేలూరు పంపారు. 1832లో అక్కడే చనిపోయాడు. వేలూరులో పాలారు ఒడ్డున సమాధి ఉంది.

ఊరేగింపులో దంతం ఉండదు

ఏటా శ్రావణమాసం ప్రాంతంలో కాండీలో జరిగే ఎసళ పెరహెర ఉత్సవంలో ఏనుగు మీద ఊరేగేది పేటిక మాత్రమే. అసలు దంతం గర్భగుడిలోంచి కదలదు. మామూలు రోజుల్లో కూడా దర్శనం అంటే ఒకదానిలో ఒకటి అమర్చిన బంగారు పేటికల దర్శనమే. రోజుకు మూడు పూటలా సేవ జరుగుతుంది. డోళ్లు మోగినప్పుడు పైఅంతస్తు తలుపు తెరుస్తారు, కాబట్టి సేవ వేళకే వెళ్లండి.

సాలవృక్షం కాని సాలవృక్షం

బుద్ధుడు సాలవృక్షాల నడుమ నిర్యాణం చెందాడు. అందుకే లంక గుళ్లలో సాల చెట్టు పేరుతో ఒక చెట్టును పూజిస్తారు. దగ్గరికెళ్లి చూస్తే మీరు వెంటనే పోల్చుకునే పువ్వు: మన నాగలింగం. దక్షిణ అమెరికా నుంచి 19వ శతాబ్దంలో వచ్చిన చెట్టు అది, అసలు సాలవృక్షానికి చుట్టమే కాదు. పడగ కింద శివలింగం ఉందని మనం శివుడికి పెడతాం. అదే పువ్వులో వాళ్లకు గొడుగు కింద చిన్న స్తూపం కనిపిస్తుంది.

వెళ్లేముందు

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. తెలుపైతే మరీ మంచిది, అక్కడి భక్తులంతా తెలుపే. చెప్పులే కాదు, టోపీ కూడా తీయాలి. మిట్టమధ్యాహ్నం రాళ్లు కాలతాయి కాబట్టి అనురాధపురానికి తెల్లవారుజామున గానీ నాలుగు దాటాక గానీ వెళ్లండి. మేజోళ్లు వేసుకుంటే ఎవరూ ఏమనరు. నీలికలువలు, తామరలు గుడి బయట అమ్ముతారు. బుద్ధుడికి పెట్టే పువ్వును ముందు వాసన చూడకూడదు, మన ఇళ్లలోని నియమమే.

విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ తీవ్రమైన తప్పు. 2012లో బుద్ధవిగ్రహాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు ఫోటో దిగిన విదేశీయులకు కోర్టు శిక్ష వేసింది. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న ఒక యాత్రికురాలిని వెనక్కి పంపేశారు. మన విగ్రహాల విషయంలో మనం ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉంటే చాలు.

ప్రతి పున్నమీ అక్కడ సెలవు. పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు. జూన్‌లో వచ్చే పొసొన్ పోయ మహిందుడు వచ్చిన పున్నమి. ఆ రాత్రి మిహింతలె, అనురాధపురం రోడ్లన్నీ తెల్లబట్టల జనమే. గదులు దొరకవు, నెలల ముందే బుక్ చేసుకోవాలి. దారి పొడవునా దన్సల్ పేరుతో పందిళ్లు వేసి వచ్చేపోయేవాళ్లకు అన్నం, టీ ఉచితంగా పెడతారు. వరసలో నిలబడితే సరిపోతుంది. ఏ ఊరు, ఏ మతం అని అడగరు.